తిరిగొచ్చిన కథ గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన కథా రెండుసార్లు చదివాను. పలాసలో జీడిపిక్కలు కొట్టే అమ్మ కథను పత్రికవారు తిప్పి పంపారనీ, మొదలు కుదించి, మాండలికం తీసేసి, ముగింపులో కాస్త ఆశ చూపిస్తే పరిశీలిస్తామన్నారనీ, ఇక రాయడమే మానేద్దామనిపిస్తోందనీ రాశావు. ఆ బాధ నేనెరుగనిది కాదు. తిరుగు టపాకు బిళ్లలంటించిన కవరు జతచేసి కథలు పంపిన కాలం మాది. నా చేతిరాతే ఉన్న ఆ కవరు గుమ్మంలో కనిపిస్తే, విప్పకుండానే సంగతి తెలిసిపోయేది. ఒకసారి, అచ్చయితే చాలనుకుని, మా అమ్మ మాటలన్నీ పుస్తకాల భాషలోకి మార్చి పంపాను. అచ్చయింది. సంబరంగా చదివి వినిపిస్తే, అమ్మ అంతా విని, "ఈ కత ఎవులిదిరా?" అంది. తిప్పి పంపిన కథలేవీ నన్ను అంతగా బాధపెట్టలేదు.

గురజాడ 1897లో అచ్చువేసిన 'కన్యాశుల్కం'తో తృప్తిపడక, దాన్ని బాగా పెంచి, దాదాపు తిరగరాసి, 1909లో మళ్లీ ప్రచురించారు. అంతగా మార్చినా, వాడుకభాషను మాత్రం వదలలేదు. చదువుల్లో ఆ భాషకు చోటివ్వాలని వాదిస్తూ 1914లో మదరాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాశారు. అక్కడ గ్రాంథికం పక్షమే నెగ్గింది. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. తన రాతను తానే కొట్టివేసి మళ్లీ రాసుకోగలిగిన మనిషి, తన జనం మాట దగ్గర మాత్రం పట్టు సడలించలేదన్నది నాకు ఎన్నోసార్లు ధైర్యమిచ్చింది.

నీ కథ మొదలు గురించి పత్రికవారన్నది నిజమే: రెండు పేజీల ఊరి వర్ణన అమ్మను కనబడనివ్వడం లేదు, నొచ్చుకోకుండా కొట్టెయ్యి. కాని చివర, జీడిసొనకు తోలూడిన వేళ్లతో అన్నం కలపలేక ఆవిడ చీకట్లో చెంచా కోసం తడుముకోవడం నువ్వు కళ్లారా చూసినది. అక్కడ లేని ఆశను తెచ్చిపెట్టమంటే ఒప్పుకోకు. ఆవిడ మాటనూ మార్చకు. అచ్చు ఆలస్యమైతే కానివ్వు.

ఇంకో పత్రికకు పంపేముందు మాత్రం, కథను ఒకసారి అమ్మకు చదివి వినిపించు. ఆవిడ ఏమన్నదో నాకు రాయి.

ఆశీస్సులతో,
నీ మాస్టారు