ఇసుక తిన్నె కొసన కాలు పెట్టకండి

చిరంజీవి అబ్బాయికి,

బాబాయి ఆశీస్సులు. నువ్వు పంపిన ప్లాను చదివాను. ఇక్కడ అమెరికాలో, విస్కాన్సిన్ నది మీద రెండు రాత్రుల్లో సాక్ సిటీ నుంచి మస్కోడా దాకా, నలభై మైళ్ళకు పైగా, తొమ్మిదేళ్ళ పాపనూ ఆరేళ్ళ బాబునూ కూర్చోబెట్టుకుని తెడ్డు వేస్తానంటున్నావు. లెక్క ఫోనులో బాగానే కుదిరి ఉంటుంది, నది మీద కుదరదు. స్ప్రింగ్ గ్రీన్ వంతెన దగ్గర పడవెక్కి మస్కోడాలో దిగండి. అది ఇరవై మైళ్ళ పైచిలుకు, మీకు చాలు. విస్కాన్సిన్ నది పడమటికి పారుతుంది, మధ్యాహ్నం గాలి చాలాసార్లు పడమటి నుంచే వీస్తుంది. ఎదురుగాలిలో ఒక మైలు మూడు మైళ్ళ పెట్టు. పొద్దున ఏడింటికల్లా బయలుదేరి, ఒంటిగంటకల్లా ఏదో ఒక ఇసుక తిన్నె మీద దిగిపోండి. మిగతా రోజంతా పిల్లలది.

ప్రెయిరీ డు సాక్ ఆనకట్ట దాటాక మిసిసిపీలో కలిసేదాకా 92 మైళ్ళు ఈ నదికి మరో అడ్డు లేదు. ప్రభుత్వ భూమిలోని లంకల మీద, తిన్నెల మీద అనుమతి అక్కర్లేకుండా, పైసా కట్టకుండా మూడు రోజుల దాకా ఉండొచ్చు. నీళ్ళు పలచటి టీ రంగులో ఉంటాయి. మీ ఆవిడ చూసి మురికి అనుకుంటుంది, చెప్పు, అది ఎగువ చిత్తడి నేలల్లో ఆకులూ వేళ్ళూ ఊరిన రంగు. 1673లో జాక్ మార్కెట్, లూయీ జోలియెట్ అనే ఇద్దరు ఫ్రెంచి యాత్రికులు ఈ దారినే కనూల మీద, అంటే సన్నటి తెడ్డు పడవల మీద, మిసిసిపీ చేరారు. ఇసుక మేటల వల్ల పడవ నడపడం కష్టంగా ఉందని మార్కెట్ అప్పుడే రాసుకున్నాడు. కాబట్టి నువ్వు ఇరుక్కున్నప్పుడు సిగ్గుపడకు. పైన నీరు సన్నగా వణుకుతూ మెరుస్తోందంటే కింద జానెడు లోతే, నునుపుగా నల్లగా ఉన్నచోట దారి. ఇరుక్కుంటే ఒక చెయ్యి కనూ అంచు మీద ఉంచుకునే దిగు. పట్టు వదలకుండా లాక్కెళ్ళు.

ఎందుకంటే ఆ నది మోకాలి లోతులో నడిపించి నడిపించి, ఒక్క అడుగులో నెత్తి మీదకు వస్తుంది. నేను ఈ ఉత్తరం రాస్తున్నదే ఈ ముక్క కోసం. ప్రవాహం ఇసుకను తిన్నె మీదుగా దొర్లించుకుంటూ పోయి, దిగువ కొసన జారవిడుస్తుంది. అక్కడ ఇసుక గట్టిపడదు, ధాన్యం రాశి అంచులా వదులుగా ఉంటుంది. కాలు పెట్టగానే రాశి జారుతుంది, మనిషీ దానితోపాటు జారతాడు. కోనసీమలో మా నాయనమ్మ లంక కొసకు పోతే కాళ్ళు విరగ్గొడతానని అరిచేది. ఆవిడ అరుపులో ఉన్న శాస్త్రం ఇక్కడికి వచ్చాక, ఈ నదిలో మొల లోతు నుంచి ఒక్కసారిగా మునిగిపోయాక అర్థమైంది. నాకు ఈత వచ్చు కనుక బతికిపోయాను.

అందుకే పిల్లల లైఫ్ జాకెట్లు పడవలోనే కాదు, తిన్నె మీద కూడా ఒంటి మీదే ఉండాలి. టెంటులో పడుకునేటప్పుడు తప్ప విప్పొద్దు. వాళ్ళు ఎగువ వైపు పలచటి నీళ్ళలో ఆడుకోవాలి, దిగువ వైపు మీ ఇద్దరిలో ఒకరు నిలబడాలి. ఆ నిలబడినవాళ్ళ చేతిలో ఫోను ఉండకూడదు. గట్ల వెంబడి పడిపోయిన చెట్లకు కూడా దూరంగా ఉండండి. కొమ్మల సందుల్లోంచి నీళ్ళు పోతాయి, మనుషులు పోలేరు.

ఏ నెలలో అని అడిగావు. ఆగస్టు రెండో సగం. జూన్‌లో నీరూ ఎక్కువ, దోమలూ ఎక్కువ. బయలుదేరే ముందు మస్కోడా దగ్గర ప్రవాహం ఎంతుందో యూఎస్‌జీఎస్ (నదుల మట్టాలు కొలిచే అమెరికా ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైటులో చూసుకో. పది వేల క్యూసెక్కులు దాటి ఇంకా పెరుగుతోందంటే ప్రయాణం వాయిదా వెయ్యి, అప్పటికే తిన్నెలు చాలావరకు నీళ్ళ కిందకు వెళ్ళిపోతుంటాయి. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారని తెలిసినవాడివి, పది వేలా అని నవ్వుకుంటావు. నవ్వుకో, కానీ వాయిదా వెయ్యి.

రాత్రిపూట సంగతి. ఎగువన ఆనకట్ట నుంచి వదిలేదాన్ని బట్టి, కురిసే వానను బట్టి మట్టం తెల్లారేసరికి మారిపోతుంది. ఒకసారి నేనూ మీ పిన్నీ సగం కనూ ఇసుక మీదకు లాగి, చాలులే అని పడుకున్నాం. పొద్దున లేచి చూస్తే కనూ లేదు. తెడ్లు, మంచినీళ్ళ క్యాన్లు, మీ పిన్ని చెప్పులు అన్నీ దానితోనే వెళ్ళాయి. ఆ దారిన వచ్చిన ఒక ముసలి జాలరి రెండు మైళ్ళ దిగువన చెట్టుకు చిక్కుకున్న దాన్ని చూపించాడు. ఆయన నవ్వలేదు, మీ పిన్ని మాత్రం ఇప్పటికీ నవ్వుతుంది. అప్పటి నుంచి నేను చేసే పని చెబుతాను. దిగగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చుతాను. సాయంత్రం వంటప్పుడొకసారి, పడుకోబోయే ముందొకసారి చూస్తాను. పుల్ల నీళ్ళలోకి వెళ్ళిందంటే టెంటు ఇంకా పైకి జరుపుతాను. కనూను మాత్రం ఎప్పుడూ టెంటు పక్కకే తెచ్చి, బోర్లించి, దాని తాడు టెంటుకు కాకుండా ఇసుకలో పూడ్చిన సంచికి కడతాను.

ఆ సంచి ఉపాయమే టెంటుకూ పనికొస్తుంది. ఇసుకలో మేకులు నిలబడవు, రాత్రి గాలి లేస్తే టెంటు మీ మొహాల మీదే. కిరాణా సంచుల్లో ఇసుక నింపి, మూతి బిగించి తాడు కట్టి, మోచేతి లోతు గొయ్యిలో పూడ్చి పైన తొక్కు. ఆరు సంచులు సరిపోతాయి. ఉరుము వినపడితే నీళ్ళ మీద ఉండొద్దు, బోడి తిన్నె మీద కూడా కాదు. కనూ పైకి లాగి గట్టెక్కి, పొడవాటి ఒంటరి చెట్లను వదిలేసి పల్లంగా ఉన్నచోట కూర్చోండి. వాన సూచన గట్టిగా ఉంటే అసలు బయలుదేరకపోవడమే నయం.

చలిమంట వేసుకోండి, కానీ ఆర్పేటప్పుడు ఇసుక కప్పొద్దు. కప్పిన ఇసుక కింద నిప్పు గంటల తరబడి అలాగే ఉంటుంది, పైకి ఏమీ కనపడదు, పొద్దున్నే ఉత్త కాళ్ళతో పరుగెత్తేది పిల్లలే. నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోసి, చేత్తో ముట్టుకుని చూడు.

మరుగుదొడ్డి గురించి అడగడానికి మొహమాటపడ్డావు. మూతా సీటూ ఉన్న బకెట్టు తీసుకెళ్ళి, సంచిలో మూటగట్టి వెనక్కి తెచ్చెయ్యడమే. తిన్నెలో పూడిస్తే తరవాతి నీటికి పైకి తేలి, వెనకవాళ్ళ పిల్లలు ఆడుకునేచోటికి చేరుతుంది.

తిండి సంగతి నీకంటే మీ ఆవిడకు బాగా తెలుసు. మొదటి రోజుకు పులిహోర, తరవాత చపాతీలు, ఉప్మా రవ్వ. రైస్ కుక్కరు తెస్తావేమోనని భయం, అక్కడ కరెంటు ఉండదు. మంచినీళ్ళు మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున, అన్నీ ఒకే క్యానులో కాకుండా. ఒక మాట గుర్తుపెట్టుకో: ఆ నది మీదకు గాజు సామాను నిషేధం. ఆవకాయ సీసా కూడా గాజే కదా, జరిమానా వేసే అధికారికి ఆవకాయ అంటే ఏమిటో చెప్పి ఒప్పించలేవు. ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చు.

కనూలు అద్దెకిచ్చేవాళ్ళే మీ కారు సంగతీ చూస్తారు, ముందే మాట్లాడుకో. శనివారం వెళ్తే మధ్యాహ్నానికల్లా మంచి తిన్నెలన్నీ ఎవరో ఒకరు పట్టేస్తారు, ఆదివారం బయలుదేరి మంగళవారం రండి. స్ప్రింగ్ గ్రీన్ దగ్గరే టవర్ హిల్ పార్కు ఉంది. కరిగించిన సీసాన్ని పై నుంచి జారవిడిచి తూటా గుళ్ళు చేసిన పాత బురుజు అక్కడుంది, బాబుకు చూపించు.

వెళ్ళేటప్పుడు మాడిసన్ మీదుగానే కదా. బకెట్టు మా గ్యారేజీలో ఉంది, కడిగి పెట్టాను. పిల్లల లైఫ్ జాకెట్లు మాత్రం పాతవి ఇవ్వను, వాళ్ళ బరువు చూసి కొత్తవి కొను. మీ పిన్ని ఆవకాయ డబ్బాలోకి తీసి ఉంచుతానంటోంది.

మీ బాబాయి