అమ్మాయి తవ్వకాలంటోంది, ఏం చెయ్యమంటారు?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది మామిడికుదురు దగ్గర పల్లె. కొబ్బరితోట, రెండెకరాల చేపల చెరువు ఉన్నాయి. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు, మార్కులు బాగానే వస్తాయి. ఆదుర్రు బౌద్ధ స్తూపం చూసొచ్చిన దగ్గర్నుంచి ఇంజనీరింగ్ వద్దు, ఆర్కియాలజీ చదువుతానంటోంది. నోరు విప్పితే దేబలా మిత్ర అని ఎవరో ఆవిడ పేరే. ఎండలో మట్టి తవ్వే పని ఆడపిల్లకి కుదురుతుందా? అసలు ఉద్యోగం వస్తుందా? వాళ్ళమ్మకి ఒకటే టెన్షన్.

జవాబు: నమస్కారమండీ. ముందు ఆవిడెవరో చెబుతాను. సగం జవాబు అందులోనే ఉంది.

దేబలా మిత్ర 1925లో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని ఖుల్నాలో పుట్టారు. భారత పురావస్తు శాఖ, అదే అందరూ ఏఎస్ఐ అనేది, 1861లో మొదలైంది. దానికి ఒక మహిళ డైరెక్టర్ జనరల్ కావడానికి 120 ఏళ్ళు పట్టింది. 1981లో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ ఈవిడే. 1983 దాకా ఆ పదవిలో ఉన్నారు, 2003లో పోయారు.

మీ అమ్మాయికి బహుశా ఆ కుర్చీ నచ్చి ఉంటుంది. నాకైతే రత్నగిరి ముఖ్యం. ఒడిశాలో బ్రాహ్మణి, బిరూప నదుల మధ్య ఒక గుట్ట అది. 1958 నుంచి 1961 వరకు అక్కడ ఆవిడ తవ్వకం నడిపించారు. ఇటుకతో కట్టిన విహారాలు, ఒక మహాస్తూపం, దాని చుట్టూ వందలకొద్దీ మొక్కుబడి స్తూపాలు బయటపడ్డాయి. ఇప్పుడు వెళ్ళినవాళ్ళు పెద్ద బుద్ధుడి దగ్గర, నగిషీలు చెక్కిన రాతి ద్వారబంధం దగ్గర ఫొటోలు దిగుతారు. కానీ ఆ చోటు పేరు తేల్చింది మాత్రం మట్టి ముద్రలండీ. వాటి మీద 'శ్రీ రత్నగిరి మహావిహార' భిక్షు సంఘానిదని అక్షరాలున్నాయి. పార మీద పోయే మట్టితో పాటు అలాంటి ముక్క కూడా కుప్పలో పడిపోయి ఉంటే?

ఇంకో సంగతి. ఆ తవ్వకం నివేదిక మొదటి సంపుటం 1981లో, రెండోది 1983లో అచ్చయ్యాయి. తవ్వింది నాలుగు సీజన్లలోపే, పుస్తకం పూర్తిగా చేతికొచ్చేసరికి ఇరవై ఏళ్ళు దాటింది. మధ్యలో ఆవిడ ఖాళీగా లేరు. నేపాల్ తరాయిలో, అంటే హిమాలయాల కింది మైదానంలో, తిలౌరాకోట్ అనే చోట తవ్వకం పని చూశారు, అజంతా, సాంచీలకు గైడు పుస్తకాలు రాశారు, దేశంలోని బౌద్ధ కట్టడాలన్నిటి మీదా 1971లో ఒక పెద్ద పుస్తకం తెచ్చారు.

కాబట్టి ఎండ గురించి మీరు పెట్టుకున్న బెంగ కొంచెం పక్కకి పెట్టండి. గునపం పట్టేది ఎక్కువగా కూలీలే. ఆర్కియాలజిస్టు గోతి పక్కనే ఉండి పొర మారిందా లేదా చూడాలి, కొలవాలి, గీయాలి, ప్రతి కుండ పెంకుకీ నంబరు వెయ్యాలి. క్యాంపులో టెంటు బతుకు ఉంటుంది, లేదనను. కానీ అది కొన్ని నెలలే. మిగతాదంతా బల్ల దగ్గరే. పిల్లకి ఆ ఓపిక ఉందా అన్నది చూడాల్సిన విషయం.

అది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఈసారి మీరు గానీ పక్కవాళ్ళు గానీ చెరువు తవ్విస్తే, పొక్లెయిన్ కోసిన గట్టు తడారకముందే అమ్మాయిని అక్కడికి పంపండి. పైన దున్నిన మట్టి, దాని కింద ఎక్కడో ఇసుక చార, మళ్ళీ నల్ల బంక. ఆ ఇసుక చార 86 వరద వేసిన మేటేమో మీ నాన్నగారి వయసు వాళ్ళని అడిగి కనుక్కోమనండి. ఆ గోడంతా టేపుతో కొలిచి, గ్రాఫు కాగితం మీద పొర పొరా గీయమనండి. తవ్వకాల్లో రోజూ చేసేది ఇదే. రెండు గంటల్లో విసుగొచ్చి ఫోను తీసిందా, మీకు జవాబు దొరికినట్టే. చీకటి పడేదాకా ఇంటికి రాలేదా, ఇంక ఆపకండి. ఆదుర్రులో మాత్రం ఇటుక ముక్క కూడా ఏరి తేవద్దని చెప్పండి, అది రక్షిత కట్టడం.

ఇక చదువు. ఎంపీసీ చదివినందుకు నష్టమేమీ లేదు. హిస్టరీతో బీఏ చెయ్యొచ్చు, జియాలజీతో బీఎస్సీ కూడా చెయ్యొచ్చు. నన్నడిగితే రెండోదే అంటాను, డెల్టా పిల్లకి మట్టి చదవడం వస్తే అదో బలం. పీజీకి విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. పుణేలో డెక్కన్ కాలేజీ ఏ డిగ్రీ చేసినవాళ్ళనైనా ఎం.ఏ. ఆర్కియాలజీకి తీసుకుంటుంది. తర్వాత గ్రేటర్ నోయిడాలో ఏఎస్ఐ వాళ్ళ సొంత సంస్థ ఉంది. అందులో రెండేళ్ళ డిప్లొమాకి సీట్లు 15 మాత్రమే, వయసు పరిమితి కూడా ఉంది. అందుకని మధ్యలో ఏళ్ళు పోగొట్టుకోకూడదు. బ్రాహ్మీ లిపి, కాస్త సంస్కృతం, ప్రాకృతం ఇప్పట్నుంచే మొదలుపెడితే మంచిది.

ఉద్యోగాలు తక్కువండీ, దాచను. ఏఎస్ఐలో డిప్యూటీ సూపరింటెండింగ్ ఆర్కియాలజిస్టు పోస్టు యూపీఎస్సీ ద్వారా వస్తుంది. ఏడో వేతన సంఘం లెక్కలో మూలవేతనం 56,100తో మొదలు. కానీ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో చెప్పలేం. అందుకని పక్క దారులూ చూసుకోవాలి. యూజీసీ వాళ్ళ నెట్ పరీక్షలో ఆర్కియాలజీ ప్రత్యేక సబ్జెక్టుగా ఉంది, అది రాస్తే లెక్చరర్ దారి. సివిల్స్‌లో హిస్టరీ ఆప్షనల్ మొదటి పేపర్లో పటం మీద చోట్లు గుర్తించే ప్రశ్న ఒక్కటే 50 మార్కులు, అది ఈ పిల్లలకి చేతిలో పని. కెమిస్ట్రీ ఇష్టమైతే కట్టడాల, శిల్పాల సంరక్షణ ఉంది. ఏఎస్ఐ సైన్స్ బ్రాంచి డెహ్రాడూన్‌లో ఉంది.

ఒకప్పుడు ఇలాగే అడిగిన ఒక అమ్మాయిని "ముందు బీటెక్ కానివ్వమ్మా, తర్వాత చూద్దాం" అని పంపేశాను. ఆ తర్వాత రానే లేదు. ఇప్పుడు ఎవరికీ ఆ మాట చెప్పడం లేదు. ఈఏపీసెట్ మాత్రం రాయనివ్వండి, ఫీజు ఈపాటికి కట్టేసే ఉంటారు కదా.

వాళ్ళమ్మగారికి చెప్పండి, డిగ్రీ మూడేళ్ళూ పిల్ల రాజమండ్రిలోనో కాకినాడలోనో ఉంటుంది, శనివారం బస్సెక్కితే రాత్రి భోజనానికి ఇంట్లోనే. గ్రాఫు కాగితం పూర్తయ్యాక ఫొటో తీసి నాకు పంపమనండి. పొరల పక్కన కొలతలు వెయ్యడం మర్చిపోవద్దని చెప్పండి, కొత్తవాళ్ళందరూ అక్కడే తప్పుతారు.