బావి ఈత సముద్రానికి సరిపోతుందా?

ప్రశ్న: మాది కడప జిల్లా ప్రొద్దుటూరు. సంక్రాంతి సెలవుల్లో కుటుంబమంతా విశాఖపట్నం వెళ్లి, రుషికొండ బీచ్‌లో రెండు రోజులు గడపాలనుకుంటున్నాము. పద్నాలుగేళ్ల మా అబ్బాయి తోట బావిలో గట్టు మీది నుంచి దూకి ఈదుతాడు కనుక సముద్రమంటే భయం లేదంటున్నాడు. వాణ్ణి నీళ్లలోకి దిగనివ్వవచ్చా? కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ), జెట్ స్కీ (నీటి మీద నడిచే మోటారు బండి) వంటివి ఎక్కించవచ్చా?

జవాబు: దిగనివ్వవచ్చు, కానీ బావి ఈతను నమ్ముకుని మాత్రం కాదు. నేనూ నడుముకు బెండ్లు కట్టుకుని ఊరి బావిలో ఈత నేర్చుకున్నవాణ్ణే కాబట్టి, మీ అబ్బాయి ధైర్యం ఎక్కడిదో నాకు తెలుసు. బావిలో నీరు నిలకడగా ఉంటుంది, అలసిపోతే నాలుగు బారల్లో మెట్టో మోటారు పైపో చేతికి అందుతుంది. సముద్రంలో నీరే మనిషిని కదిలిస్తుంది.

కెరటాలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీరు ఎక్కడో ఒకచోట ఇరుకైన పాయగా చేరి, వేగంగా వెనక్కి పోతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. అటూ ఇటూ కెరటాలు నురగలతో విరుగుతుండగా నడుమ ఒక్కచోట నీరు నునుపుగా కనిపిస్తే, కొత్తవాళ్లు అదే అనువైన చోటని దిగుతారు. చాలాసార్లు లాగేది అక్కడే. అందులో చిక్కినవారు నేరుగా ఒడ్డు వైపు ఎదురీది, ఆ అలసటతోనే మునిగిపోతారు. ఈ ప్రవాహం మనిషిని అడుగుకు లాగదు, లోపలికి తీసుకుపోతుంది. కాబట్టి వెల్లకిలా తేలుతూ, చెయ్యెత్తి సాయం పిలిచి, ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా ఈది, ఆ పాయ దాటాక కెరటాలతో పాటు తిరిగి రావాలి. ఉప్పునీరు మంచినీటి కంటే సాంద్రమైనది కనుక తేలడం బావిలో కంటే సులువే. ప్రయాణానికి ముందు మీ కళ్లెదుటే, బావిలోనే, కొన్ని నిమిషాలు వెల్లకిలా తేలడం వాడికి సాధన చేయించండి.

శుభ్రత, భద్రత వంటివి చూసి బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపు రుషికొండకు 2020లో వచ్చింది. స్నానానికి హద్దులు కట్టిన చోటనే, లైఫ్‌గార్డు ఉన్న వేళలోనే దిగండి. ఎర్ర జెండా ఉంటే చీలమండల లోతుకైనా వెళ్లవద్దు. నగరంలోని ఆర్కే బీచ్‌ను మాత్రం చూసి రండి, స్నానానికి ఎంచుకోకండి.

కయాక్ ఎక్కించవచ్చు. జెట్ స్కీ అయితే నడిపేవారి వెనుక కూర్చోనివ్వండి, పగ్గాలు వాడి చేతికి ఇవ్వకండి. దేనికైనా లైఫ్ జాకెట్ తప్పదు. తొడిగాక భుజాల దగ్గర పట్టి పైకి లాగినప్పుడు అది గడ్డం దాటి లేస్తే వదులైనదని అర్థం, మార్చమని అడగండి. తోటివారెవరైనా మునుగుతుంటే మీవాణ్ణి దూకనివ్వకండి. మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బానో, తాడునో విసిరి, లైఫ్‌గార్డును కేకవేయమనండి.

ఎర్ర జెండా దిగకపోతే, భీమిలి దారిలో కొండపైనున్న తొట్లకొండ బౌద్ధ ఆరామానికి తీసుకువెళ్లండి. అక్కడి నుంచి సముద్రం చాలా దూరం వరకు కనిపిస్తుంది.