హెల్సింకీలో ‘కల’ అంటే చేప

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. మా అబ్బాయికి హెల్సింకీలో ఉద్యోగం. జూన్‌లో మొదటిసారి వెళ్తున్నాను. నేను చేరిన మర్నాడే వాడు ఆఫీసుకు వెళ్లాలట. సాయంత్రం దాకా ఊరు నేనొక్కదాన్నే చూసుకోవాలి. చేపలు తింటాను, గొడ్డుమాంసం, పందిమాంసం ముట్టను. ఎక్కడికి వెళ్లాలి, ఏం తినాలి? కందిపొడి సంచిలో పెట్టుకోవాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కందిపొడి సంగతి చివర చెబుతాను టీచరు గారూ, అందులో నాకు స్వానుభవం ఉంది.

ముందు నాలుగు ఫిన్నిష్ మాటలు నేర్చుకోండి. ‘నౌత’ అంటే గొడ్డు, ‘సిక’ అంటే పంది, ‘పోరో’ అంటే రెయిన్‌డీర్, ‘కల’ అంటే చేప. కల అని వినబడితే దాదాపు నిశ్చింతే. దాదాపు అని ఎందుకన్నానంటే, కలకుక్కో అనే వంటకం ఒకటుంది. రై అనే గోధుమ లాంటి ధాన్యపు పిండి రొట్టె లోపల చేపలతో పాటు పందిమాంసం కూడా పెట్టి కాలుస్తారు. గురువారం నాడు బఠాణీ సూప్ పెట్టడం అక్కడి ఆచారం. బఠాణీలే కదా అని గిన్నె అందుకోకండి, అందులోనూ మామూలుగా పందిమాంసం పడుతుంది.

ఇక ఊరు. నేను వెళ్లిన మొదటి రోజు ఎనిమిది చోట్ల పేర్లు చీటీ మీద రాసుకుని బయల్దేరి, మధ్యాహ్నానికే కాళ్లు పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాను. మీరు రేవు చుట్టుపక్కలే చూసుకోండి. ట్రామ్ దిగితే కౌప్పతోరి, అంటే సంత మైదానం. పక్కనే సముద్రం. జూన్ అయినా గాలి చలిగానే ఉంటుంది, శాలువా మరవకండి. అక్కడ తినుబండారం చేత్తో పట్టుకుని నిలబడవద్దు. మన దగ్గర కాకి పిల్లల చేతిలో చేగోడీ తన్నుకుపోయినట్టు, అక్కడ సీగల్ అనే సముద్రపు పక్షులు తన్నుకుపోతాయి. నా తొలి పీరక్కలో సగం వాటికే నైవేద్యమైంది.

ఆ పీరక్క గురించి చెప్పాలి. పూర్తి పేరు కర్యాలన్‌పీరక్క. అరచేతి పొడవు పలచని రై పిండి రేకు, అంచులు మన కజ్జికాయకు మల్లే నొక్కుతారు గాని పైన మూయరు. లోపల పాలలో మెత్తగా ఉడికిన అన్నం. బెల్లం, పంచదార వేయని పరమాన్నం అనుకోండి. వరి పండని దేశంలో బియ్యమేమిటని నాకూ అనిపించింది. పూర్వం బార్లీ పెట్టేవారట, బియ్యం తర్వాత వచ్చింది. పైన మునవోయి రాస్తారు: ఉడికించిన గుడ్డు చిదిమి వెన్నతో కలిపిన ముద్ద. వేడిగా తినాలి.

రేవు ఒడ్డునే 1889 నాటి పాత ఇటుకల సంతశాల ఉంది. మధ్యాహ్నం అక్కడ లోహికెయిత్తో తాగండి. సాల్మన్ చేప, బంగాళాదుంపలు, మీగడ, పైన గుప్పెడు సోయకూర. పక్కన నల్లని రై రొట్టె, వెన్న. కారం లేదు, పులుపు లేదు. మొదటి చెంచాకు నాకు జ్వరం పథ్యంలా తోచింది. నాలుగో చెంచాకు చేప రుచి తెలిసింది. మెత్తళ్లు ఇష్టమైతే ముయిక్కు కూడా అడగండి, రై పిండిలో దొర్లించి వెన్నలో వేయించే చిన్న మంచినీటి చేపలు. ముల్లు తీసే పని లేదు.

తర్వాత సువొమెన్‌లిన్నా పడవ ఎక్కండి. ట్రామ్ టికెట్టే అందులోనూ చెల్లుతుంది, పావుగంట ప్రయాణం. 1748లో స్వీడన్ వాళ్లు మొదలుపెట్టిన దీవికోట అది. రష్యా వాళ్ల చేతికి పోయి, 1918లో ఫిన్లండ్ పేరు పెట్టుకుంది. తిరిగొచ్చాక ఓపిక ఉంటే 1852లో పూర్తయిన తెల్ల చర్చి మెట్ల మీద కూర్చోండి. రాత్రి పదింటికి కూడా వెలుతురే కాబట్టి తొందర లేదు.

సాయంత్రం కాఫీతో కొర్వపూస్తి. ఆ మాటకు అర్థం చెంపదెబ్బ! దాల్చినచెక్క చుట్టలు, పిండిలో మన ఏలకులు. వాసనకే ఇల్లు గుర్తొస్తుంది. ఫిల్టర్ కాఫీ అన్న పేరు చూసి ఆశపడకండి, అది పలచని నల్ల నీళ్లు. ఎవరైనా సల్మియక్కి అనే నల్ల బిళ్ల ఇస్తే ఒకటే తీసుకోండి. అతిమధురంలో నవాసారం కలిపినది, కళాయి పోసేవాళ్లు వాడే అదే నవాసారం. నేను మర్యాదకు మింగాను.

ఒక జాగ్రత్త: జూన్ 19–25 మధ్య వచ్చే శుక్రవారం వాళ్ల యుహన్నుస్ పండుగ ముందురోజు. ఊరంతా పల్లెలకు పోతుంది, చాలా దుకాణాలు మూసేస్తారు. ఆ రోజు తప్పించండి.

కందిపొడి మాటకొస్తే, నేను లోహికెయిత్తోలో రెండు చెంచాలు కలిపాను. మీగడ, చేప, సోయకూర ముగ్గురూ ఒకేసారి అలిగారు. పీరక్క మీద మాత్రం, మునవోయికి పైన చిటికెడు చల్లుకుంటే ఎంత బాగుందంటే, నెలకని తెచ్చుకున్న పొడి వారంలో అయిపోయింది. పెద్ద పొట్లమే కట్టుకోండి.