ఎనిమిది మంది టీమ్‌లో ఒకరు రాసిన కోడ్‌ను మరొకరు చదివి ఒప్పుకునే పనికి (కోడ్ రివ్యూ) గిట్‌హబ్, గిట్‌ల్యాబ్, గెరిట్ అనే టూల్స్‌లో ఏది తీసుకోవాలి?

ధర, డ్యాష్‌బోర్డు తర్వాత చూసుకోండి. నేనైతే ఒక్కటే అడుగుతాను: నేను అప్రూవ్ చేశాక ఆ కోడ్‌లో ఏం మారిందో ఆ టూల్ చూపిస్తుందా, లేదా?

మా టీమ్‌లో ఒకసారి నలభైకి పైగా ఫైళ్లున్న మార్పు వచ్చింది. రెండు రోజులు కూర్చుని చదివి పదిహేడు కామెంట్లు పెట్టాను. రాసిన కుర్రాడు అన్నీ సరిచేశాడు, నేను అప్రూవ్ చేశాను. తీరా దాన్ని మెయిన్‌లో, అంటే టీమ్ అసలు కోడ్‌లో, కలపబోతే (మెర్జ్) కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది: అవే లైన్లు అక్కడ ఈలోపు మారిపోయాయి. అది శుక్రవారం సాయంత్రం. అతను రీబేస్ చేసి, అంటే తన మార్పును తాజా మెయిన్ మీద మళ్లీ పేర్చి, ఫోర్స్ పుష్ చేశాడు, అంటే సర్వర్‌లోని పాత వెర్షన్ స్థానంలో దీన్ని పెట్టేశాడు. ఆ తొందరలో టైమౌట్ (జవాబు కోసం ఆగే సమయం) 3000 ఉన్న చోట 300 అయింది. మిల్లీసెకన్లు! నా అప్రూవల్ మాత్రం పచ్చగా అలాగే ఉంది, మెర్జ్ అయిపోయింది.

రాత్రి పదకొండుకి అలర్టులు మొదలయ్యాయి. డేటాబేస్ అనుకున్నాం, నెట్‌వర్క్ అనుకున్నాం. మూడు గంటలు పట్టింది ఆ సున్నా దొరకడానికి. రివ్యూ పేజీ తెరిస్తే నా కామెంట్లన్నీ పాతబడినవాటి కింద మడతపడి ఉన్నాయి. ముందు వెర్షన్‌తో పోల్చి చూద్దామంటే మెయిన్ నుంచి వచ్చిన వందల లైన్లు అందులోనే కలిసిపోయాయి. సోమవారం ఆ కుర్రాడు నా మొహం చూడలేకపోయాడు. తప్పు అతనిది కాదని ఇప్పటికీ అంటాను.

ఈ విషయంలో గెరిట్‌ను మించింది లేదు. ప్రతి అప్‌లోడూ ఒక ప్యాచ్‌సెట్, అంటే నంబరు వేసిన ఒక వెర్షన్. రెండోదానికీ ఐదోదానికీ తేడా అడిగితే చూపిస్తుంది, రీబేస్ వల్ల వచ్చిన లైన్లకు వేరే రంగు వేస్తుంది. ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ కోడ్ దానిమీదే రివ్యూ అవుతోంది. కొత్తవాళ్లు మొదట్లో విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. రెండు నిమిషాల్లో టిక్ కొట్టేసి వెళ్లిపోయే అలవాటు కంటే ఆ విసుగే నయం.

"అన్నీ గిట్టేగా, నచ్చకపోతే మారిపోదాం" అనేవాళ్ల మాట వినకండి. గిట్ అంటే కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్, ఈ మూడూ దానిమీదే నడుస్తాయి; దానితో మారేది కోడ్ ఒక్కటే. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో పొరపాటున డేటాబేస్ చెరిగిపోయి దాదాపు ఆరు గంటల డేటా పోయింది. రెపోజిటరీలకు (కోడ్ ఉండే చోట్లకు) ఏమీ కాలేదు, పోయినవి ఇష్యూలు (సమస్యల నోట్లు), మెర్జ్ రిక్వెస్టులు (కలపమని పెట్టే మార్పులు), కామెంట్లు. ఒక లైన్ అలా ఎందుకు రాశామో చెప్పేవి ఆ కామెంట్లే కదా! అందుకే వాటిని బయటికి ఎలా తీసుకోవచ్చో ముందే కనుక్కోండి.

మీలో సర్వర్ చూసుకునే మనిషి ఒక్కరున్నా గెరిట్ పెట్టుకోండి. లేకపోతే గిట్‌హబ్. దాని బ్రాంచ్ ప్రొటెక్షన్‌లో (మెయిన్‌లోకి ఏది వెళ్లొచ్చో చెప్పే నియమాల్లో), కొత్త కమిట్ (దాచిన మార్పు) వస్తే పాత అప్రూవల్ రద్దయ్యే సెట్టింగ్ ఉంటుంది. దానంతట అది ఆన్ అవదు, ప్రైవేట్ రెపోకి డబ్బు కట్టే ప్లాన్ కూడా కావాలి. కట్టండి. రివ్యూ మొదలయ్యాక రీబేస్ చేయొద్దు, మెయిన్‌నే మీ బ్రాంచ్‌లోకి (మీ మార్పున్న విడి శాఖలోకి) మెర్జ్ చేసుకోండి.

ఏది ఎంచుకున్నా ముందు ఒక పరీక్ష పెట్టండి. అప్రూవ్ అయిన మార్పును కావాలనే రీబేస్ చేసి, ఎక్కడో ఒక సున్నా తీసేసి ఫోర్స్ పుష్ చేయండి. సంగతి తెలియని ఒకరిని పిలిచి, ఏం మారిందో కనిపెట్టమనండి.