50 కొనాలా, 70-300 కొనాలా? ముందు మీరు నిలబడే చోటు చూసుకోండి

క్రాప్ సెన్సర్ కెమెరా (అంటే ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉన్నది), దానితో వచ్చిన 18-55 లెన్సు ఉన్నాయి, పాప ఫొటోలు, చుట్టాల పెళ్లిళ్లు, అప్పుడప్పుడూ పక్షులు తీయాలి, తర్వాత 50 లెన్సు కొనాలా 70-300 కొనాలా అని అడిగారు. ఈ అంకెలు మిల్లీమీటర్లలో లెన్సు ఫోకల్ లెంగ్త్: అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నవి దగ్గరగా కనిపిస్తాయి, ఫ్రేములో పట్టే మేర తగ్గుతుంది. నేను రెండూ కొన్నాను, అందులో ఒకటి తొందరపడి.

అందరూ చెప్పారని ముందుగా 50 ఎఫ్/1.8 కొన్నాను (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత వెడల్పుగా తెరుచుకుంటుంది). ఆ వారమే మా పిన్ని కూతుర్ని పెళ్లికూతుర్ని చేస్తున్నారు. పదడుగుల గది, పీట మీద చెల్లెలు, చుట్టూ నలుగు పెట్టే ముత్తయిదువలు. వెనక్కి జరిగి జరిగి వీపు బీరువాకు ఆనింది. అయినా ఫ్రేములోకి వచ్చింది నడుము పైదాకా చెల్లెలు, పక్కల నుంచి ఎవరివో గాజుల చేతులు. 1.5 క్రాప్ సెన్సర్ మీద 50 లెన్సు ఫుల్ ఫ్రేమ్‌లో 75 చూపించినంత మేరే చూపిస్తుంది, 1.6 క్రాప్ ఉండే కానన్ అయితే 80. ఏడడుగుల దూరం నుంచి దానికి పట్టే వెడల్పు సుమారు ఒక మీటరు. అదే చోటు నుంచి 18తో రెండు మీటర్ల ముప్పావు దాకా పడుతుంది. నోరు మూసుకుని పాత లెన్సే తగిలించాను.

అలాగని 50 దండగ కాదు. ఆ రోజు మొత్తంలో నాకు నచ్చిన ఫొటో దానిదే: పసుపు పాదాలు, పారాణి గీత, గీత దాటి మడమ మీదికి జారిన ఒక ఎర్ర చుక్క. ఎఫ్/2 దగ్గర వెనకున్న బిందెలూ ప్లాస్టిక్ కుర్చీలూ మసకలో కలిసిపోయాయి.

18తోనూ జాగ్రత్త. గ్రూపు ఫొటోలో అంచున నిలబడ్డవాళ్లు పక్కకు సాగిపోతారు. మా పెద్దత్తయ్య ఇప్పటికీ "నన్నొక్కదాన్నే లావుగా తీశావురా" అంటుంది. నాలుగడుగులు వెనక్కి వెళ్లి 24, 28 దగ్గర తీస్తే ఆ గొడవ ఉండదు. మొహం పెద్దగా రావాలని 18తో దగ్గరికి వెళ్తే ముక్కు ఉబ్బినట్టు కనిపిస్తుంది. అది లెన్సు తప్పు కాదు, దూరం తప్పు. ఆరడుగుల నుంచి 55తో తీయండి.

మండపంలో జీలకర్ర బెల్లం వేళకు వీడియోవాళ్లు గోడ కడతారు. పక్కకు వెళ్లి 70-300ని 100-135 మధ్య వాడితే వాళ్ల భుజాల సందులోంచి ఇద్దరి మొహాలూ దొరుకుతాయి. కానీ ఆ లెన్సు 300 దగ్గర సాధారణంగా ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు. ఎఫ్/1.8 దానికి దాదాపు పది రెట్ల వెలుగు లోపలికి పంపిస్తుంది. ట్యూబులైటు కింద పాకే పాపకు 70-300 ఎందుకూ పనికిరాదు.

నేలపట్టు పక్షుల కేంద్రంలో మాత్రం దానిదే రాజ్యం. గూడబాతులు పెద్ద పక్షులు కాబట్టి చెట్ల మీది గూళ్లకు 300 చాలు. ఎగిరేటప్పుడు మాత్రం షట్టరు వేగం సెకనులో వెయ్యో వంతుకు తగ్గనివ్వకండి. లకుముకి పిట్ట జోలికి వెళ్తే 300 కూడా చాలదు, ఎంత దగ్గరగా వెళ్లగలరన్నదే లెక్క.

మీ అవసరాల్లో ఎక్కువ భాగం ఇంట్లోనే ఉంది కనుక నా ఓటు 35 ఎఫ్/1.8కి, మీరు అడగకపోయినా. నమ్మకం కుదరకపోతే ఒక ఆదివారం మీ 18-55 జూమ్ రింగును 35 దగ్గర పెట్టి టేపు అంటించండి, మరుసటి ఆదివారం 50 దగ్గర. పాపను తీస్తూ ఏ రోజు ఎక్కువసార్లు గోడకు తగిలారో చూసుకోండి. 70-300ని పక్షుల కోసం వెళ్లే రోజుకు అద్దెకు తెచ్చుకోవచ్చు.