కళాశాల చూడటానికి వెళ్లే ముందు

గుంటూరు, బ్రాడీపేట.

చి.సౌ. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

పాపను డిగ్రీలో చేర్చాలనుకుంటున్న చిన్న కళాశాలను చూడటానికి వచ్చే ఆదివారం విజయవాడ నుంచి ఇటు వస్తున్నారని మీ పెద్దమ్మ చెప్పింది. తోటిపిల్లలందరూ ఈఏపీసెట్ ర్యాంకుల వెంట పరుగెడుతుంటే, తనకు కెమిస్ట్రీయే ఇష్టమని చెప్పి ఆ మాట మీద నిలబడినందుకు పాపను చూస్తే నాకు గర్వంగా ఉంది. ఆ వెనుకే దిగులూ మొదలైంది కనుక, ఫోనులో సగం విని పెట్టేస్తావని తెలిసి, కాగితం మీద పెడుతున్నాను.

ముందుగా, ఆదివారం మానుకోండి. అల్లుడుగారికి మరో రోజు సెలవు దొరకకపోవచ్చు గాని, పాఠాలు జరగని రోజున రంగు వేసిన గోడలూ వాచ్‌మనూ తప్ప మీకు కనిపించేది ఏమీ ఉండదు. కళాశాలల నాణ్యతను పరిశీలించే నాక్ సంస్థ ఇచ్చిన గ్రేడు ఎంత, దాని గడువు ఎప్పటి వరకు ఉంది, బస్సు ఏ దారిలో వస్తుంది వంటివి నీకు చెప్పనక్కరలేదు.

నీకు తట్టనిది ఒకటుంది. మా రోజుల్లో బీయస్సీలో మూడు సబ్జెక్టులు సమానంగా ఉండేవి. ఒక అధ్యాపకుడు సరిగా చెప్పకపోయినా మిగిలిన రెండూ పిల్లలను గట్టెక్కించేవి. 2023లో మన రాష్ట్రంలో ఒకే మేజర్ (ప్రధాన) సబ్జెక్టు విధానం వచ్చింది. ఆ పద్ధతిలో ఆ ఒక్క శాఖ బలహీనమైతే చదువంతా బలహీనమే. కిందటేడు కెమిస్ట్రీ మేజరులో ఎందరు చేరారో, ఎందరు మిగిలారో ఆఫీసులో కాక రెండో సంవత్సరం పిల్లలను అడగండి. చేరినవారు మరీ తక్కువైతే, చిన్న కళాశాల ఆ మేజరును నడపలేక వేరే సబ్జెక్టుకు మారమనే ప్రమాదం ఉంది.

ల్యాబులో తుడిచిన బల్లలను చూసి మురిసిపోవద్దు. ఉద్యోగమంతా ఆ బల్లల మధ్యనే తిరిగినవాడిని కనుక చెబుతున్నాను: సింకులో తడి ఉందా, ద్రవాలు కొలిచే గాజు గొట్టం బ్యూరెట్ కుళాయి తేలికగా తిరుగుతోందా లేక పట్టేసి ఉందా, పాపను చూడమను. లైబ్రరీలో ఒక కెమిస్ట్రీ పుస్తకం తీసి, అట్ట లోపల అతికించిన తేదీల చీటీలో చివరి ముద్ర ఏ ఏటిదో చూడండి. ప్రిన్సిపాల్ గదిలో మాట్లాడవలసింది నీవు కాదు, పాప. మీ నాన్న పోలిక నీకు అచ్చంగా వచ్చింది. ఎవరైనా కుర్చీ వేసి కాఫీ ఇప్పిస్తే చాలు, కరిగిపోతావు.

అందుకే ఈ ఉత్తరం. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆ రోజు వెంట తీసుకువెళ్లవద్దు. 1997లో నీవు కోరుకున్న కళాశాలలో సీటు పోయింది పిలుపు ఆలస్యంగా అందినందువల్లనే అని నీవు ఇప్పటికీ నమ్ముతున్నావు. ఉత్తరం సమయానికే వచ్చిందమ్మా. అంతకు ముందే మీ నాన్న, ఊరికే చూసి వస్తానని నిన్ను ఇంట్లో వదిలి ఒక్కడే మరో కళాశాలకు వెళ్లి, అక్కడి కరస్పాండెంట్ మర్యాదకు లొంగి, రేపటికి సీట్లు ఉండవన్న మాటకు బెదిరి, నీ మార్కుల జాబితాలు, టీసీ అన్నీ రసీదైనా అడగకుండా ఇచ్చి వచ్చాడు. పిలుపు అందాక నన్ను తోడు తీసుకొని వెళితే, మూడేళ్ల ఫీజు కడితే గాని ఇవ్వమన్నారు. గుమాస్తా వెనుక తెరిచి ఉన్న ఇనుప బీరువాలో నీ కవరు మాకు కనిపిస్తూనే ఉంది. దాని మీద నీ పేరు మీ నాన్న చేతిరాతే. ఆ ఏడు మిరపకు తెగులు తగిలి వాడి చేతిలో పైసా లేదు, నా జీతం చాలలేదు. నీవు ఆ కళాశాలలోనే చేరావు, బాగానే చదివావు, అది వేరే సంగతి. తిరుగు బస్సులో, పిల్లకు చెప్పవద్దని వాడు నాచేత ఒట్టు వేయించుకొన్నాడు. వాడు పోయాక కూడా ఆ మాట నిలుపుకొన్నాను గాని, వాడి మనవరాలి దగ్గరకు వచ్చేసరికి ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. వాడిని తప్పుపట్టకు. నీకు ఎక్కడా సీటు రాదేమోనన్న భయమే వాడిచేత ఆ పని చేయించింది.

ఒరిజినల్ పత్రాలను సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని, వాటిని కళాశాలలు అట్టిపెట్టుకోరాదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018 అక్టోబరులో స్పష్టంగా చెప్పింది. ఆ కాగితం మన ఇంటికి ఇరవై ఏళ్లు ఆలస్యంగా చేరింది. నియమం ఉన్నా నా భయం పోలేదు, జిరాక్సులు చాలు. అడ్వాన్సు పేరుతో డబ్బూ కట్టవద్దు. ఇప్పుడు డిగ్రీ ప్రవేశాలకు ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్‌లోనే వెబ్ ఆప్షన్లు తీసుకొంటోంది కనుక, మేమే పెట్టిస్తామంటూ ఎవరైనా పాప ఫోనుకు వచ్చే ఓటీపీ అడిగితే, నవ్వుతూనే కాదనండి. ఆప్షన్లు ఇంట్లో కూర్చొని మీరే పెట్టుకోండి.

నేనూ వస్తాను గాని, మోకాళ్లు సహకరించవు, పైగా నేను పక్కనుంటే పాప నోరు విప్పదు. గేటు దగ్గరే కూర్చుంటాను. ఏ పనిదినమో నిర్ణయించుకొని ముందురోజు ఫోను చెయ్యి. మధ్యాహ్నం భోజనం ఇక్కడే. పాప కోసం కారం తగ్గించి వండుతానని మీ పెద్దమ్మ అంటోంది. నాకైతే నమ్మకం లేదు.

ఇట్లు,
మీ పెదనాన్న